కర్నూలు సర్వర్ గదిలో ఎమ్యులెక్స్ ఎల్‌పీఈ32002

కర్నూలులోని ఒక ఆసుపత్రిలో సర్వర్ల బాధ్యత నాది. స్కాన్ చిత్రాలు భద్రపరిచే స్టోరేజీకి మూడు సర్వర్లను కలపడానికి కిందటి ఏడాది ఎమ్యులెక్స్ ఎల్‌పీఈ32002 కార్డులు కొన్నాము. ఎమ్యులెక్స్ ఇప్పుడు బ్రాడ్‌కామ్ వారిది. సర్వర్లను స్టోరేజీతో కలిపే ఫైబర్ ఛానల్ అనే ప్రత్యేక నెట్‌వర్క్ కోసం చేసిన రెండు పోర్టుల కార్డు ఇది. ఒక్కో పోర్టు వేగం సెకనుకు 32 గిగాబిట్లు.

ఈ కార్డును నడిపే ఎల్‌పీఎఫ్‌సీ డ్రైవర్ లినక్స్ కెర్నెల్‌లో ముందే ఉంటుంది కనుక సర్వర్ ఆన్ కాగానే కార్డు కనిపించింది. పోర్టుల డబ్ల్యూడబ్ల్యూపీఎన్‌లు (ఒక్కో పోర్టుకు ఉండే ప్రత్యేక చిరునామాలు) రాసుకుని, స్విచ్‌లో జోనింగ్ చేసి (ఏది దేనితో మాట్లాడాలో నిర్ణయించి), స్టోరేజీలో లన్‌లు (సర్వర్‌కు డిస్కుల్లా కనిపించే భాగాలు) కేటాయించి, ఒక దారి పోతే మరో దారి వాడే మల్టీపాత్ అమర్చేసరికి ఒక మధ్యాహ్నం సరిపోయింది. ఆ తరువాత ఒక కేబుల్‌ను కావాలనే పీకి చూశాను. స్టోరేజీలోకి డేటా రాయడం కొద్ది క్షణాలు ఆగి, రెండో దారి పట్టి సాగిపోయింది. రేడియాలజీ గదిలో ఎవరికీ తెలియనైనా తెలియలేదు. ఈ కార్డుపై నాకు నమ్మకం కుదిరింది అప్పుడే.

మా స్విచ్ 16 గిగాబిట్లది కావడంతో లింకు కూడా 16 దగ్గరే నిలిచింది. మా పనికి అది చాలు. ఇబ్బంది బ్యాకప్ సర్వర్ దగ్గర ఎదురైంది. ఈ కార్డు 32, 16, 8 వేగాలలో మాత్రమే పనిచేస్తుంది; బ్యాకప్‌లను టేపుల మీద దాచే 4 గిగాబిట్ల మా పాత టేప్ లైబ్రరీని నేరుగా కలిపితే లింకే రాలేదు. అమ్మినవారు ఈ సంగతి చెప్పలేదు, నేనూ ముందుగా అడిగి ఉండవలసింది. అటువంటి పాత పరికరాలు ఉన్నవారు 4 వరకు దిగగల 16 గిగాబిట్ల ఎల్‌పీఈ31002 తీసుకోవడం మేలు.

కార్డుకు సొంత ఫ్యాన్ లేదు, దాని వేడిని బయటికి వదిలే లోహపు హీట్‌సింక్ సర్వర్ ఫ్యాన్ల గాలితోనే చల్లబడాలి. మే నెలలో 40 డిగ్రీలు దాటే మా ఊళ్లో, ఏసీ ఆగిన పూట ఇది చిన్న విషయం కాదు. ఖాళీ స్లాట్లకు మూతలు తీయకుండా ఉంచితే గాలి పక్కదారి పట్టకుండా కార్డుల మీదుగా పోతుంది. దుమ్ము ఎక్కువ కనుక, వాడని పోర్టులకు రబ్బరు మూతలు పెట్టే ఉంచుతున్నాను.

ఒక్క మార్పు మాత్రం చేస్తాను. రెండు పోర్టులూ ఒకే కార్డులో ఉన్నందున, కార్డే చెడిపోతే రెండు దారులూ ఒకేసారి మూసుకుపోతాయి. మాకు బదులు కార్డు 200 కిలోమీటర్లకు పైగా దూరంలోని హైదరాబాదు నుంచి రావాలి. అందుకే కొత్త డేటాబేస్ సర్వర్‌కు ఒకే పోర్టు ఉండే ఎల్‌పీఈ32000 కార్డులు రెండు కావాలని అడిగాను.