పోర్చుగల్‌లో రోజూ ఒక్క పేపరే చదవాలంటే ఏది?

పోర్చుగల్‌లో అందరికంటే ఎక్కువ అమ్ముడుపోతుందని పేరున్న దినపత్రిక కొరెయో ద మాన్యా. నలుగురిలో దాని పేరెత్తితే "ఛ, అదా!" అనేవాళ్లే ఎక్కువ. కేఫే కౌంటరు మీద చేతులు మారి మారి నలిగేది మాత్రం అదే. భాష నేర్చుకుంటూనో, చదువుకో ఉద్యోగానికో అక్కడికి వెళ్తూనో ఒక్క పేపరు పట్టుకోవాలంటే ఇదా, పూబ్లికోనా, పోర్తో నుంచి వచ్చే జొర్నాల్ ద నోటీసియాసా?

కొరెయో 1979 మార్చిలో లిస్బన్‌లో మొదలైంది. 1975లో బ్యాంకుల జాతీయీకరణతో వాటి చేతిలోని పెద్ద పత్రికలు ప్రభుత్వం కిందికి వెళ్లిపోయిన కాలమది. ఇది ప్రైవేటుగా పుట్టి, పార్టీల చర్చలు పక్కనపెట్టి వీధిలో ఏం జరిగిందో రాసింది. ఇప్పటికీ అదే సరుకు: హత్యలు, కోర్టులు, ఫుట్‌బాల్, టీవీ తారల కబుర్లు, క్లాసిఫైడ్స్. వాక్యాలు పొట్టివి, కాబట్టి కొత్తగా నేర్చుకునేవాళ్లకు తేలిగ్గా అందుతాయి. 2013లో సీఎంటీవీ అనే వార్తా చానల్ కూడా పెట్టారు; సీఎం అంటే కొరెయో ద మాన్యాకు పొట్టిపేరు. తెర మీద "అలెర్తా సీఎం" అంటూ వచ్చే పట్టీ మన బ్రేకింగ్ న్యూస్‌కు అలవాటుపడ్డవాళ్లకు వింతేమీ కాదు.

2016 యూరో కప్పు సమయంలో లియోన్‌లో ఆ చానల్ రిపోర్టరు చేతిలోని మైకు లాక్కుని రొనాల్డో చెరువులోకి విసిరేశాడు. 2023లో కొరెయోనూ ఆ చానల్‌నూ నడిపే సంస్థను కొన్న బృందంలో పెట్టుబడిదారుగా ఉన్నదీ ఆ రొనాల్డోనే!

కొరెయోతో చిక్కంతా కేసుల దగ్గరే. మాజీ ప్రధాని జోజె సోక్రతెస్‌ను అవినీతి ఆరోపణలపై 2014 నవంబరులో లిస్బన్ విమానాశ్రయంలో అరెస్టు చేశారు. విచారణ మొదలైంది 2025 జూలైలో. ఈ రెండింటి మధ్య కాలమంతా దర్యాప్తు లీకులతో హెడ్డింగులు వస్తూనే ఉన్నాయి. తమ పరిశోధన లేకపోతే అవినీతి బయటపడేదే కాదని వాళ్ల వాదన. అందులో కొంత నిజముంది. కానీ కోర్టు తేల్చకముందే తీర్పు చదివేసిన భావన పాఠకుడికి మిగులుతుంది, అది నాకు నచ్చదు.

పూబ్లికో 1990లో సూపర్‌మార్కెట్ల సోనే గ్రూపు పెట్టిన పత్రిక. విదేశీ వార్తలకూ, శుక్రవారం వచ్చే ఇప్సిలోన్ అనే సాంస్కృతిక అనుబంధానికీ దానికి సాటి లేదు. అయితే వాక్యం పొడవు. పైగా పోర్చుగీసు మాట్లాడే దేశాల మధ్య కుదిరిన 1990 నాటి కొత్త స్పెల్లింగు ఒప్పందాన్ని అది ఒప్పుకోలేదు, పాత పద్ధతిలోనే రాస్తుంది. బళ్లలో నేర్పేది కొత్తది, కాబట్టి పరీక్షకు చదివేవాళ్లు కాస్త చూసుకోవాలి.

నా ఓటు మాత్రం జొర్నాల్ ద నోటీసియాస్‌కే. అక్కడ అందరూ జేఎన్ అంటారు. 1888 నుంచీ వస్తోంది. నేరవార్త ఇందులోనూ ఉంటుంది, కేకలు తక్కువ. బ్రాగా, గిమరాయిస్ లాంటి ఉత్తరాది ఊళ్ల మునిసిపాలిటీ గొడవలు, బస్సులు, ఆసుపత్రుల కథలు ఇందులో దొరికినంతగా లిస్బన్ పత్రికల్లో దొరకవు. 2023 చివర్లో యాజమాన్యం జీతాలు ఆపితే, 2024 జనవరిలో సిబ్బంది సమ్మెకు దిగారు. ఆ తర్వాత పత్రిక చేతులు మారింది.

దక్షిణాన అల్గార్వ్ వైపు స్థిరపడేవాళ్లకు జేఎన్ వల్ల పెద్ద లాభం లేదు. అక్కడైతే కొరెయో కొనుక్కుని, కోర్టు వార్త కనబడ్డప్పుడల్లా పూబ్లికో సైటు తెరిచి సరిచూసుకోవడమే.