విండ్సర్‌లో డాళ్లు, ఎడిన్‌బరాలో పులి

విండ్సర్ కోట టికెట్ దాదాపు 30 పౌండ్లు. అంత పెట్టి నేను చూడాలనుకున్నది రాజుగారి గదులు కాదు, లోపల వీరుల చిహ్నాలున్న సెయింట్ జార్జ్ చాపెల్ అనే చర్చి. మొదటిసారి చూసుకోకుండా ఆదివారం వెళ్లాం. ఆ రోజు చాపెల్‌లోకి సందర్శకుల్ని రానివ్వరు. తప్పు నాదే. నేరుగా కొన్న టికెట్‌ని ఏడాది పాస్‌గా మార్చుకోవచ్చు కాబట్టి రెండోసారి ఖర్చు తప్పింది. బస పక్కనున్న స్లౌ పట్టణంలో. గది చవక, హీటర్ మాత్రం సగం రాత్రి పనిచేయలేదు. అక్కడ్నుంచి విండ్సర్‌కి రైల్లో ఆరేడు నిమిషాలే, పైగా మన భోజనం దొరుకుతుంది.

1348లో మూడో ఎడ్వర్డ్ మొదలుపెట్టిన గార్టర్ అనే రాజగౌరవం పొందిన వీరుల పీఠం ఈ చాపెలే. ఒక్కొక్కరి ఆసనం పైన శిరస్త్రాణం, దాని మీద ఓ బొమ్మ, ఇంకా పైన జెండా. మనిషి పోతే అవన్నీ దించేస్తారు. ఆసనం వెనక కొట్టిన చిన్న లోహపు పలక మాత్రం అలాగే ఉంటుంది. 1390 ప్రాంతానివి కూడా ఉన్నాయి.

అక్కడి పెద్దాయన ఒకరు ఓపిగ్గా చెప్పారు. మా కాలేజీ చిహ్నాన్ని ఇన్నాళ్లూ ‘క్రెస్ట్’ అనేవాణ్ణి. అది తప్పట. క్రెస్ట్ అంటే శిరస్త్రాణం మీది బొమ్మ ఒక్కటే. అసలైనది డాలు. రాజచిహ్నంలో దాన్ని అటూ ఇటూ పట్టుకున్న సింహం, యునికార్న్ (ఒంటికొమ్ము గుర్రం) ‘సపోర్టర్స్’, కింది మాట ‘మోటో’. కవచం మీద తొడిగే అంగీపై కూడా అదే గుర్తు వేసేవారు కాబట్టి ‘కోట్ ఆఫ్ ఆర్మ్స్’ అయింది. ఆయన ఎడమవైపు సింహాన్ని చూపించి “కుడివైపుది” అన్నప్పుడు తికమకపడ్డాను. కుడి, ఎడమలు డాలు పట్టుకున్నవాడివి, చూసేవాడివి కావు!

రంగులకీ నియమం ఉంది. బంగారం, వెండి లోహాలు, అంటే పసుపు, తెలుపు. ఎరుపు, నీలం, నలుపు, ఆకుపచ్చ, ఊదా మాత్రం ‘రంగులు’. లోహం మీద లోహం, రంగు మీద రంగు వేయకూడదు, దూరం నుంచి ఆనదు కాబట్టి. మన ఆటో నంబరు ప్లేటు, పసుపు మీద నలుపు, ఈ పరీక్షలో పాసే.

అయితే దగ్గరగా చూడాలంటే ఎడిన్‌బరాయే నయం. అక్కడి సెయింట్ జైల్స్ చర్చిలో 1911 నాటి థిసిల్ చాపెల్ చిన్న గది. థిసిల్ అంటే గార్టర్ లాంటి స్కాట్లాండ్ గౌరవం. ప్రవేశం ఉచితం, తోచింది హుండీలో వేయొచ్చు. చెక్క చెక్కడాలు కళ్లెదుటే ఉంటాయి, వాటిలో బ్యాగ్‌పైప్ ఊదే దేవదూతని వెతుక్కోండి. స్కాట్లాండ్‌లో వాడే రాజచిహ్నంలో యునికార్న్‌దే కుడివైపు!

బయట ఓ దుకాణంలో ఇంటిపేరు చెబితే చాలు, వంశచిహ్నం అచ్చేసి ఇస్తామన్నారు. నిజానికి ఇక్కడ చిహ్నం మనిషికి ఇస్తారు, ఇంటిపేరుకి కాదు. ఇంగ్లండ్‌లో 1484 నాటి కాలేజ్ ఆఫ్ ఆర్మ్స్ అనే సంస్థ, స్కాట్లాండ్‌లో లార్డ్ లయన్ అనే అధికారి ఇవ్వాలి. ఆ సంగతి తెలిసినా, “మన ఇంటిపేరులో పులి ఉందిగా, చూద్దాం” అంది మా ఆవిడ. కుర్రాడు కంప్యూటర్‌లో తెల్ల డాలు మీద పసుపు పులిని వేసి చూపించాడు.

లోహం మీద లోహం. కొనకుండా వచ్చేశాం.