సీఎస్‌ఆర్ డబ్బు పోర్టల్‌కా, పక్కన కూర్చుని నేర్పే మనిషికా: ఆడవాళ్లకి ఏది మేలు?

ఏడాదికి 5 కోట్ల నికర లాభం వచ్చే కంపెనీ కూడా, గత మూడేళ్ల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక పనులకి పెట్టాలని 2013 కంపెనీల చట్టం చెబుతోంది. దీన్నే సీఎస్‌ఆర్ అంటారు. ఆ పనుల జాబితాలో ఆడవాళ్లకి ఉపాధి నైపుణ్యాలు నేర్పడం కూడా ఉంది. ఇది దానం కాదు, చట్టం పెట్టించే ఖర్చు, కాబట్టి ఎలా పెడుతున్నారని గట్టిగా అడగొచ్చు.

ఒక దారి పోర్టల్, అంటే ఆన్‌లైన్‌లో పాఠాలు పెట్టే వెబ్‌సైట్. ఇన్ఫోసిస్ స్ప్రింగ్‌బోర్డ్, ఐబీఎం స్కిల్స్‌బిల్డ్ లాంటివి ఉచితం, 2020లో మైక్రోసాఫ్ట్, ఎన్‌ఎస్‌డీసీ (జాతీయ నైపుణ్యాభివృద్ధి సంస్థ) కలిసి లక్ష మందికి పైగా మహిళలకి ఆన్‌లైన్‌లో డిజిటల్ నైపుణ్యాలు నేర్పుతామన్నాయి. డిగ్రీ ఉండి, పిల్లలు పుట్టాక ఉద్యోగం మానేసి, ఇంట్లో లాప్‌టాప్, వైఫై ఉన్న అమ్మాయికి ఇంతకంటే మంచి సాయం లేదు. పిల్లలు పడుకున్నాక తనకి వీలైనప్పుడు చదువుకుంటుంది. కంపెనీకి కూడా ఇంకో పదివేల మంది చేరితే పెద్దగా ఖర్చు పెరగదు.

కానీ మన ఊళ్లలో అలాంటి వాళ్లు ఎంతమంది? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఎప్పుడైనా ఒక్కసారి ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం, మగవాళ్లేమో 48.8, 57.9. ఆ తర్వాత ఫోన్లు బాగా పెరిగాయి, నిజమే, కానీ ఇంట్లో ఉన్న ఒక్క స్మార్ట్‌ఫోన్ పొద్దున్నే భర్త జేబులో బయటికి వెళ్లిపోతే ఈవిడ కోర్సు ఎప్పుడు చూస్తుంది? రాత్రి ఫోన్ చేతికొచ్చేసరికి డేటా అయిపోయి ఉంటుంది, పాఠం ఇంగ్లీషులో ఉంటుంది, డౌట్ వస్తే అడగడానికి ఎవరూ ఉండరు. అయినా రిపోర్టులో ఆవిడ పేరు నమోదైన వాళ్ల లెక్కలో చేరిపోతుంది. నాకు కోపం వచ్చేది ఇక్కడే.

రెండో దారి మనిషిని పెట్టడం. 2015లో గూగుల్, టాటా ట్రస్ట్స్ మొదలుపెట్టిన ఇంటర్నెట్ సాథీ ఇలాంటిదే. ఊరి అమ్మాయికే శిక్షణ ఇచ్చి, సైకిలూ టాబ్లెట్టూ చేతికిచ్చి చుట్టుపక్కల ఆడవాళ్లకి నేర్పించారు. దాదాపు 80 వేల మంది సాథీలు, సుమారు 3 కోట్ల మంది ఆడవాళ్లకి నేర్పారని గూగుల్ చెప్పింది. తనలాంటి ఆవిడే పక్కన కూర్చుంటే "ఏదన్నా నొక్కితే పాడైపోతుందేమో" అన్న భయం పోతుంది. దీనికీ లోటుంది: ఇంటర్నెట్ వాడటం వచ్చినంత మాత్రాన పచ్చళ్లు అమ్ముడుపోవు. పైగా ప్రాజెక్టు అయిపోయాక సాథీకి డబ్బు ఎవరిస్తారు? ఈ విషయంలో 2011 నుంచి నడుస్తున్న ఉషా కుట్టు స్కూళ్లు నాకు నచ్చుతాయి, అక్కడ నేర్చుకున్నావిడ తన ఇంట్లోనే బట్టలు కుడుతుంది, ఇంకొందరికి ఫీజు తీసుకుని నేర్పుతుంది, కంపెనీ వెళ్లిపోయినా ఆదాయం ఆగదు.

రెండిట్లో ఒక్కదానికే డబ్బుంటే నేను మనిషికే పెట్టమంటాను. పాఠాలు ఉచితంగా దొరుకుతూనే ఉన్నాయి, లేనిది వాటిని తెలుగులో విప్పి చెప్పే మనిషి, ఆవిడ జీతం, నాలుగు టాబ్లెట్లు, డేటా, మధ్యాహ్నం పనులయ్యాక కూర్చునే చోటు. చోటు కోసం కొత్తగా ఏమీ కట్టక్కర్లేదు, డ్వాక్రా సంఘాలు ఎలాగూ కలుసుకుంటూనే ఉన్నాయి, బ్యాంకు ఖాతాలూ పొదుపు పుస్తకాలూ ఉన్నాయి. ఫోన్‌పేలో డబ్బు తీసుకోవడం, సరుకు ఫొటో తీసి వాట్సాప్‌లో ఆర్డర్లు పట్టడం, ఖర్చు పోను మిగిలేది లెక్కేసుకోవడం, ముందు ఇవి చాలు.

డిగ్రీ ఉన్నవాళ్లకి మాత్రం పోర్టలే ఇవ్వండి, దానితోపాటు ఇంటర్వ్యూ దాకా తీసుకెళ్లే ఒక ఫోన్ నంబర్ కూడా.

మార్చి 31లోపు ఖర్చు చూపించాలి కాబట్టి చిన్న కోర్సులే కుదురుతాయని కంపెనీల వాళ్లు అంటుంటారు. ప్రాజెక్టు మొదలైన ఏడాది కాక ఇంకో మూడేళ్లు నడపడానికి రూల్స్ ఒప్పుకుంటున్నాయి. మీ సంస్థకి ఇలాంటి డబ్బు వస్తుంటే ఒప్పందంలో సాథీ జీతం మూడేళ్లకి రాయించుకోండి, రిపోర్టులో ఎంతమంది చేరారన్న గడి పక్కనే ఆరు నెలల తర్వాత ఎంతమంది చేతికి డబ్బు వస్తోందన్న గడి కూడా పెట్టించండి.