చెరువులో నాలుగు సాయంత్రాలు, తూపిలిపాళెంలో ఒక తడి బట్ట

వింగ్ అంటే గాలి కొట్టి చేత్తో పట్టుకునే తెరచాప. ఫాయిల్ అంటే బోర్డు కింద పొడవాటి కాడకు బిగించిన రెక్క, వేగం అందుకోగానే బోర్డును నీళ్ల మీదికి లేపుతుంది. ఆ రెండింటితో నీళ్ల మీద తిరగడం నాకు మూడేళ్ల అలవాటు. నేర్చుకున్నది చెన్నై దగ్గరి కోవళంలో. ఈ జూన్‌లో నాలుగు చదరపు మీటర్ల పారావింగ్ తెప్పించాక లెక్క మళ్లీ మొదటికొచ్చింది. దీంట్లో గాలి కొట్టే గొట్టాలు ఉండవు. ఒంటి పొర బట్ట, సన్న దారాలు, చేతిలో ఒక బార్, అంతే. మడిస్తే నడుముకు కట్టుకునే సంచిలో పడుతుంది. అల అందాక ముడిచేసి, ఖాళీ చేతులతో పోవచ్చు. ఆ ఆశే నా చేత డబ్బు ఖర్చు పెట్టించింది.

ముందు తిరుపతి బయట ఎండిన చెరువులో నేల మీద నాలుగు సాయంత్రాలు సాధన చేశాను. బావమరిది వెంట వచ్చి, గట్టు మీద కూర్చుని నవ్వడానికి మాత్రం పనికొచ్చాడు. జూన్‌లో మా దగ్గర పడమటి గాలి. కొండలకు తగిలి ముక్కలై వస్తుంది. ఓసారి మనిషిని ఈడ్చేస్తుంది, వెంటనే చచ్చుబడుతుంది. గాలి తగ్గగానే బార్ వెనక భాగం పట్టుకున్న చేయి తనకు తానే బార్‌ను లాగేస్తుంది. అదే తప్పు. బట్ట వెనక్కి ఒరిగి నేలకు కూలుతుంది. ఆ చేతిని కాస్త వదలాలి. ఇక గాలి పోటు అయిపోయే క్షణంలో వింగ్ మనల్ని దాటి ముందుకు దూకుతుంది, దారాలు సడలి ముందు అంచు మడతపడుతుంది. అప్పుడు బార్‌ను ఒంటివైపు లాక్కుని బిగువు నిలపాలి. చెప్పడానికి రెండు వాక్యాలు, చేతికి ఎక్కడానికి మూడు సాయంత్రాలు. నాలుగోది చిక్కులు విప్పడంతోనే సరిపోయింది.

నీళ్ల మీదికి ఎక్కడికి? పులికాట్ దగ్గరే గానీ పక్షుల అభయారణ్యం, పైగా లోతు తక్కువ. ఫాయిల్ కాడ నేలకు కొట్టుకుంటుంది. అందుకే వాకాడు దగ్గరి తూపిలిపాళెం. శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా గూడూరు వెళ్లి అక్కడే రూము తీసుకున్నాం, పద్నాలుగు వందలు. ఏసీ పనిచేసింది, స్నానానికి నీళ్లు మాత్రం సన్నధార. తడి సామాను ఆరేసుకోవడానికి మేడ మీద చోటు అడిగితే మేనేజరు మమ్మల్ని దొంగల్ని చూసినట్టు చూశాడు. బీచ్ గంట పైనే దూరం. మళ్లీ వెళ్తే సముద్రానికి దగ్గర్లో బస వెతుక్కుంటాను. మధ్యాహ్నం తిన్న చేపల పులుసు మాత్రం వంక పెట్టలేనిది.

పొద్దున్నే దిగబోతుంటే వలలు సర్దుకుంటున్న పెద్దాయన ఆపాడు. "ఇప్పుడు గాలి ఒడ్డు మీంచి లోపలికి తోస్తాది సామీ. పొద్దు తిరగనీ." ఆయన మాట వినకపోతే ఈపాటికి నన్ను ఎక్కడో వెతుకుతుండేవాళ్లు. రెండు దాటాక సముద్రపు గాలి ఒడ్డువైపు తిరిగింది, చెరువులో కంటే నిలకడగా ఉంది. ఆయన పడవనే తోడుగా మాట్లాడుకున్నాను, ఎనిమిది వందలకు. నాకైతే అది రూము కంటే విలువైన ఖర్చు.

మూడుసార్లు లేచాను. రెండోసారి అల దొరికింది, ముందు దారాలు గుంజి వింగ్ ముడిచేసి నాలుగైదు సెకన్లు ఉత్త చేతులతో పోయాను. మూడోసారి మళ్లీ తెరవబోతుంటే గాలి పోటు వచ్చింది, కంగారులో వెనక చేయి బిగించేశాను. బట్ట నీళ్లలో పడింది. తడిస్తే బరువెక్కి లేవదని తెలుసు, అయినా పది నిమిషాలు కుస్తీ పట్టాను. చివరికి పడవెక్కి ఒడ్డుకు వచ్చాను.

కొత్తవాళ్లకైతే కోవళమే చెబుతాను. అక్కడ బోర్డు అద్దెకు దొరుకుతుంది, నేర్పేవాళ్లుంటారు, బస ఇసుక పక్కనే. జనం, ఖర్చు రెండూ ఎక్కువే. తూపిలిపాళెంలో అవేమీ లేవు. లైఫ్ జాకెట్, హెల్మెట్ మనవే, సాయం మనం మాట్లాడుకున్న పడవే. ఆగస్టులో మళ్లీ అక్కడికే పోతున్నాను, పెద్దాయనకు ఫోన్ కూడా చేశాను. ఈసారి బావమరిది రానన్నాడు.