క్లిప్పుల కాలం తగ్గిస్తుందన్న ప్రకంపన పరికరం: మా ఇంటి వాడకంపై సమీక్ష

నెల్లూరు పొగతోటలో మా అమ్మాయి పళ్ళకు క్లిప్పులు వేసిన దంతవైద్యశాలవారు, చికిత్స త్వరగా ముగియాలంటే రోజూ నోట్లో పెట్టుకునే ప్రకంపన పరికరం ఒకటి ఉందనీ, దానికి డబ్బు విడిగా కట్టాలనీ చెప్పారు. ఇంటర్ అయిపోయేలోగా వైరు తీయించుకోవాలన్నది అమ్మాయి పట్టుదల కనుక, కొన్నాము.

అరచేతిలో ఇమిడే మోటారు పెట్టె, దాని ముందు లాడం ఆకారంలో మెత్తని పలక, ఇంతే పరికరం. పలకను పై వరుసకూ కింది వరుసకూ మధ్య తేలికగా కరిచిపట్టుకుని రోజుకు 20 నిమిషాలు కూర్చోవాలి. సెకనుకు 30 ప్రకంపనలు, 0.25 న్యూటన్ల బలం, అంటే 25 గ్రాముల బరువు ఆనించినంత ఒత్తిడి. ఈ తరహాలో పేరుపడిన ఆక్సిలిడెంట్ పరికరం కొలతలు కూడా ఇవే. నొప్పి లేదు గానీ ముక్కు కొనదాకా చక్కిలిగిలి పాకుతుంది, చొంగ కారుతుంది, ఒళ్ళో తువ్వాలు ఉండాల్సిందే. నాయనమ్మ అన్నానికి ఎన్నిసార్లు పిలిచినా అమ్మాయి నుంచి "ఊఁ" అన్న జవాబు తప్ప రాదు. ఛార్జింగు నిలుస్తుంది, కడగడం సులువు. వస్తువుగా దీనికి వంక పెట్టలేను.

అసలు ప్రశ్న వేగానిది. వైరు బలానికి పన్ను జరిగేటప్పుడు, నొక్కుడు పడిన వైపు దవడ ఎముకను కొన్ని కణాలు కరిగిస్తాయి, లాగుడు పడిన వైపు మరికొన్ని కొత్త ఎముకను కడతాయి. ప్రకంపన ఈ కణాలను చురుకుపరుస్తుందన్నది తయారీదారుల వాదన. ఎలుకలపై ప్రయోగాల్లో దానికి కొంత ఆధారం దొరికిన మాట నిజమే. మనుషుల దగ్గరికి వచ్చేసరికి, 2015లో అమెరికాలోని శాన్ ఆంటోనియోలో 45 మందిపై జరిగిన పరీక్షలో, పన్ను తీసిన ఖాళీ కంపించని నకిలీ పరికరం వాడినవారిలో నెలకు 0.79 మిల్లీమీటర్లు మూసుకుంటుంటే అసలు పరికరం వాడినవారిలో 1.16 మిల్లీమీటర్లు మూసుకుందని తేలింది. వైద్యశాలలో మాకు చూపించిన కరపత్రం ఇంతటితో ఆగింది. అదే ఏడాది బ్రిటన్‌లో 81 మందిని మూడు జట్లుగా చేసి, ఒక జట్టుకు అసలు పరికరం, ఒక జట్టుకు కంపించని నకిలీ, మరో జట్టుకు క్లిప్పులు మాత్రమే ఇచ్చి చూస్తే, వంకర పళ్ళు వరుసలోకి వచ్చే వేగంలో తేడా కనిపించలేదు. నొప్పి కూడా తగ్గలేదు. వారినే చివరిదాకా గమనించి 2018లో ప్రకటించిన ఫలితాల్లో మొత్తం చికిత్సా కాలం కూడా తగ్గలేదు. ఎక్కువ మందిని తీసుకుని చికిత్స చివరిదాకా గమనించిన ఈ పరీక్షకే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

మా అమ్మాయి పళ్ళు బాగానే జరుగుతున్నాయి, కానీ పరికరం లేకపోయినా ఇంతే జరిగేవేమో చెప్పడానికి ఇంట్లో దారి లేదు. వైద్యశాల గోడమీది "ముందు, తర్వాత" ఫొటోలకూ ఈ లోపమే ఉంది. వేరుశనగ చిక్కీ కొరికి బ్రాకెట్ ఊడగొట్టుకున్నప్పుడూ, పరీక్షల పేరుతో వైరు మార్పించుకోవడం వాయిదా వేసినప్పుడూ ఆలస్యం జరగడం మాత్రం కళ్ళారా చూశాము.

కాబట్టి వేగం కోసమే అయితే ఇది కొనవద్దనే నా సలహా. పెళ్ళి ముహూర్తం దగ్గరపడిందని తొందరపడేవారు, ఎన్ని నెలలు తగ్గుతుందో కాగితంమీద రాసివ్వమని డాక్టరుగారిని ముందే అడగాలి, ఎందుకంటే పలక ఒకసారి నోట్లో పెట్టుకున్నాక పరికరాన్ని వెనక్కి తీసుకోబోమని వైద్యశాలవారు మాకు చెప్పారు.