పులస ఊరి నుంచి వెళ్లి లోఫోటెన్‌లో తిన్న శనివారం భోజనం

నార్వే ఉత్తరాన ఉన్న లోఫోటెన్ దీవులకి వెళ్తే జూన్‌లోనే వెళ్లాలి, అర్ధరాత్రి సూర్యుణ్ణి చూడాలి అని ఆఫీసులో అందరూ చెప్పారు. మేం మార్చిలో వెళ్లాం, చేప కోసం.

నాది రాజమండ్రి. పుస్తెలమ్మైనా పులస తినాలన్న మాట వింటూ పెరిగినవాణ్ణి. స్టాక్‌హోమ్‌లో నాతో పనిచేసే నార్వే మిత్రుడొకడికి ఒకసారి పులస సంగతంతా చెప్తే, "అలాంటిది మాకూ ఒకటుంది" అన్నాడు. దాని పేరు స్క్రేయ్. ఉత్తరాన బారెంట్స్ సముద్రంలో ఉండే కాడ్ చేపలు గుడ్లు పెట్టడానికి ఏటా వందల కిలోమీటర్లు ఈదుకుంటూ లోఫోటెన్ దీవుల దగ్గరికి వస్తాయి. జనవరిలో మొదలై ఏప్రిల్ దాకా ఉంటాయి, ఆ తర్వాత వెళ్లిపోతాయి. సముద్రంలో ఉన్నప్పుడు ఇలస, గోదావరికి ఎదురీదాక పులస అయినట్టు, అంత దూరం ఈదొచ్చిన కాడ్‌కి పేరు మారిపోతుంది. ఈదీ ఈదీ కండ గట్టిపడుతుంది. పేరుతో పాటు ధర కూడా మారుతుందనుకోండి.

స్టాక్‌హోమ్ నుంచి రాత్రి రైల్లో నార్వేలోని నార్విక్ ఊరికి, అక్కడి నుంచి అద్దె కారులో ఈ-10 రోడ్డు మీద లోఫోటెన్. 2007 చివర్లో కొత్త రోడ్డు పడ్డాక ఈ దారిలో ఎక్కడా ఫెర్రీ ఎక్కాల్సిన పని లేదు. మేకులున్న చలికాలం టైర్లు కారుకి ముందే వేసి ఇచ్చారు. అయినా మంచు మీద మొదటి గంట నాకు టెన్షనే. పక్కన మా ఆవిడ మాత్రం కొండలు చూస్తూ హాయిగా కూర్చుంది.

ముందే ఒక మాట చెప్పాలి. మార్చిలో ఇక్కడ సగం ఊరు మూసే ఉంటుంది. కేఫేల తలుపుల మీద 'ఈస్టర్‌కి తెరుస్తాం' అన్న కాగితాలే ఎక్కువ. మేం దిగిన హోటల్ రెస్టారెంటు కూడా ఏడాది పొడుగునా నడవదు. ఫిబ్రవరిలో తెరిచి సెప్టెంబరు చివర్లో మూసేస్తారు. సముద్రానికి ఆనుకుని, పాత చేపల గోదాముని మార్చి కట్టిన హోటల్ అది. పేరు రాయడం లేదు. ఎందుకో కాస్త ఆగితే మీకే తెలుస్తుంది.

హోటల్ వెనకే చేపలు ఎండబెట్టే కర్ర పందిళ్లు ఉన్నాయి. తలలు తీసేసి, తోకల దగ్గర రెండేసి చేపల్ని తాడుతో కట్టి, దండెం మీద బట్టల్లా వేలాడదీశారు. ఉప్పు చిటికెడు కూడా వెయ్యరు. గాలీ చలీ చాలు. మరీ గడ్డ కట్టించే చలి కాదు, ఈగలు లేచేంత వేడీ లేదు. ఈ రెంటి మధ్యా నిలిచే వాతావరణం ఇక్కడ ఫిబ్రవరి నుంచి మే దాకా దొరుకుతుంది కాబట్టే ఈ వ్యాపారం వందల ఏళ్లుగా సాగుతోంది. తలల్ని విడిగా గుత్తులు కట్టి ఎండబెడతారు, అవి ఎక్కువగా నైజీరియాకి పోతాయి. మంచి రకం ఇటలీకి. 1432లో ఓడ పగిలి ఇక్కడి రోస్ట్ దీవికి కొట్టుకొచ్చిన క్వెరీని అనే వెనిస్ వర్తకుడు తిరిగి వెళ్తూ ఈ ఎండు చేప పట్టుకెళ్లాడట. వాసన మన ఎండు చేపల బజారంత ఘాటుగా ఉండదు. గాలి తిరిగినప్పుడు మాత్రం తెలుస్తుంది. మా ఆవిడకి నాకంటే ముందే తెలిసింది.

అసలు చిక్కంతా ఆవిడ వారంతో వచ్చింది. బల్ల దొరికింది ఒక్క శనివారం రాత్రికే. శనివారం ఆవిడ నాన్‌వెజ్ ముట్టదు. "ఏమండీ, ఇంత దూరం వచ్చి మీరొక్కరే తినండి, నాకేం బాధ లేదు" అంది. బాధ ఉన్నప్పుడే అలా అంటుందని నాకు తెలుసు. వారం ముందే మెయిల్ పెట్టి, ఒకరికి పూర్తి శాకాహారం, చేపతో కాచిన రసం కూడా కుదరదు అని రాశాను. సరేనని జవాబొచ్చింది.

అయిదు వంటకాల భోజనం, మనిషికి 895 క్రోనర్లు. మేం వెళ్లినప్పటి లెక్కలో ఏడు వేల రూపాయల పైమాటే. గదిలో పన్నెండు బల్లలు, కిటికీ అవతల పడవల దీపాలు. లోపలి గోడకి అటకలాంటి అర, దాని నిండా గాజు సీసాలు, వాటి మీద చేత్తో రాసిన సంవత్సరాలు. లోఫోటెన్‌లో మార్చి నెలలో నేల మీద పచ్చగా మొలిచేది ఏమీ ఉండదు. 'సీజనల్' అని బోర్డు పెట్టినవాడు సముద్రం ఇచ్చిన చేపతో, నేలమాళిగలో దాచిన దుంపలతో, పోయిన వేసవిలో ఊరబెట్టిన సీసాలతో నెట్టుకురావాల్సిందే. 2004లో కోపెన్‌హాగన్‌లో నార్డిక్ దేశాల షెఫ్‌లు కొందరు కలిసి, మన నేల, మన రుతువు అంటూ 10 సూత్రాలు రాసుకున్నారు. ఆ సూత్రాలకి ఇక్కడి చలికాలంలో అర్థం ఊరగాయే అని ఆ అర చూశాక అనిపించింది.

మొదట వచ్చిన రొట్టె, మాడీ మాడకుండా కాచి చిలికిన వెన్న చాలా బాగున్నాయి. ఆ వెన్నలో మన నెయ్యి కాచినప్పుడు గిన్నె అడుగున మిగిలే గసి వాసన ఉంది. ఇద్దరం రెండోసారి అడిగి వేయించుకున్నాం. తర్వాత వేయించిన కాడ్ నాలుకలు: పైన కరకర, లోపల జిగురు. ఆ నాలుకలు కోసేది ఎక్కువగా ఊళ్లోని పిల్లలేనట. బడి అయ్యాక చేపల రేవుకెళ్లి, మేకుకి తల గుచ్చి, ఒక్క కోతలో నాలుక తీస్తారు, ఆ డబ్బు వాళ్లదే. వడ్డించే అమ్మాయి తను కూడా చిన్నప్పుడు కోసేదాన్నని చెప్పింది.

మూడోది ఎండు చేపని నానబెట్టి, బంగాళాదుంపతో మెత్తగా మెదిపి పెట్టింది. నాకు నచ్చలేదు. వారం నానబెట్టిన కష్టం కథలో ఉంది, నోటికి తగల్లేదు.

మా ఆవిడకి ఆ పూటకి సెలరీ దుంప సూపు. ఆ అమ్మాయి నవ్వుతూ వచ్చి, చిన్న తురుము పీటతో సూపు మీద ఏదో నారింజ రంగు పొడి తురిమింది. అందంగానే ఉంది. "ఇదేంటి?" అని అడిగాను. మా వంటింట్లోనే నెలల తరబడి ఎండబెట్టిన కాడ్ గుడ్లు అంది గర్వంగా. మా ఆవిడ చెంచా పెదవి దాకా వచ్చి ఆగిపోయింది. ఆ అమ్మాయి ముఖం చూస్తే నాకే జాలేసింది. షెఫ్ స్వయంగా బయటికి వచ్చి క్షమాపణ చెప్పి, పది నిమిషాల్లో వేరే సూపు పంపించాడు, ఆవిడ భోజనానికి బిల్లు వెయ్యలేదు. అయినా మెయిల్‌లో రాసిన మాట వంటింటి దాకా పోలేదంటే అది తప్పే. ఒక్కరాత్రి తప్పుకి ఊరంతా చాటడం ఎందుకని పేరు రాయలేదు.

సరే, స్క్రేయ్. ఒక తెల్లటి పళ్లెంలో ఉప్పు నీళ్లలో మెల్లగా ఉడికించిన లావుపాటి ముక్క, పక్కన ఉల్లిపాయతో ఉడికిన లివర్, కాగితంలో చుట్టి ఉడికించిన గుడ్లు, రెండు బంగాళాదుంపలు. దీన్ని ఇక్కడివాళ్లు మోల్యే అంటారు. కారం లేదు, చింతపండు లేదు, పోపు లేదు. చూడగానే ఇది రోగులకి పెట్టేదిలా ఉందే అనుకున్నాను. ఫోర్కు పెట్టగానే ముక్క తమలపాకులు ఒకదాని మీదొకటి పేర్చినట్టు రేకులు రేకులుగా విడింది. లివర్‌ని బంగాళాదుంపతో కలిపి మెదిపి, దాంతో నంజుకుని తినమని పక్క బల్ల పెద్దాయన సైగ చేసి చూపించాడు. అలా తిన్నాక తెలిసింది, పోపు చెయ్యాల్సిన పని ఆ లివర్ చేస్తోందని. కొంచెం కూడా మిగల్చలేదు.

సగంలో ఎవరో కిటికీ వైపు చూసి అరిచారు. గదంతా రుమాళ్లు వదిలేసి బయటికి పరిగెత్తింది. ఆకాశంలో నార్తర్న్ లైట్స్, పచ్చటి వెలుగు, పది నిమిషాలు. లోపలికి వచ్చేసరికి నా చేప చల్లారిపోయింది. చివర్లో క్లౌడ్‌బెర్రీలు అనే నారింజ రంగు అడవి పళ్లు, గోధుమరంగు చీజుతో చేసిన ఐస్‌క్రీము. ఆ చీజు కోవాకి దూరపు చుట్టం. మా ఆవిడకి ఆ రాత్రి మనస్ఫూర్తిగా నచ్చింది అదొక్కటే.

గది గురించి పెద్దగా చెప్పేది లేదు. శుభ్రం, చిన్నది, ఖరీదు. పొద్దున టిఫిన్ దగ్గర చిన్న గ్లాసులు, కాడ్ లివర్ ఆయిల్ సీసా పెట్టి ఉన్నాయి. చిన్నప్పుడు డాక్టరుగారు రాసిన పసుపు గోళీలు గుర్తొచ్చి దాని జోలికి పోలేదు.

తర్వాత రెండు రాత్రులు రోర్బులో ఉన్నాం. రోర్బు అంటే నీళ్లలో కర్రల మీద నిలబెట్టిన ఎర్ర రంగు జాలరి గుడిసె. ఇప్పుడు లోపల హీటరు, వంటిల్లు అన్నీ ఉంటాయి. హోటల్ గదికంటే మూడో వంతు తక్కువ పడింది. కానీ దుప్పట్లకి విడిగా, చివరి రోజు తుడిపించడానికి విడిగా కట్టాలి, బుక్ చేసేటప్పుడే చూసుకోండి. ఆదివారం చాలా సూపర్ మార్కెట్లు కూడా మూసేస్తారు. మేం రైస్ కుక్కరు, చింతపండు, ఆవకాయ తెచ్చుకున్నాం కాబట్టి బతికిపోయాం. హోటల్, రోర్బు రెంటిలో మళ్లీ వెళ్తే దేనికి వెళ్తావంటే రోర్బుకే. హోటల్లో ఆ ఒక్క రాత్రి భోజనానికి మాత్రం వెళ్తాను, శనివారం కాకుండా.

సోమవారం రేవు దగ్గర కిలోకి పైగా స్క్రేయ్ కొని మా ఆవిడ పులుసు పెట్టింది. అడుగంటుతుందేమోనని నేను గరిటె పెట్టి తిప్పాను, ముక్క ముక్కంతా రేకులై పులుసులో కలిసిపోయింది. పులసలా మరిగించినా నిలబడే చేప కాదిది. వీళ్లు దీన్ని ఉప్పు నీళ్లలో అంత జాగ్రత్తగా ఎందుకు ఉడికిస్తారో గరిటెతో తెలిసింది. రుచి మాత్రం బ్రహ్మాండం. అన్నంలో ఇద్దరం గిన్నె ఊడ్చేశాం.

మర్నాడు తాళం తీసుకోవడానికి గుడిసె యజమాని వచ్చాడు. గుమ్మంలో ఆగి, గాలి పీల్చి, ఏం వండారని అడిగాడు.

"చేపే. స్క్రేయ్" అన్నాను.

మళ్లీ ఒకసారి పీల్చి, "మా స్క్రేయ్ ఇలా వాసన రాదే" అన్నాడు. తుడవడానికి ఇంకో రెండొందల క్రోనర్లు అడుగుతాడేమోనని నేను మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ సంచీలోంచి మిగిలిన చింతపండు పొట్లం తీసి ఆయన చేతిలో పెట్టింది.