గేదెతో పాటు ‘డాక్టరు’ను కూడా చూపిస్తే జాగ్రత్త

పాడి గేదె కొనే ఆలోచనలో ఉన్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నెల రోజులుగా తెలిసిన రైతులకు విడివిడిగా చెబుతూనే ఉన్నాను. అందరికీ ఒకేసారి చెప్పడం మంచిదనిపించింది. మా పాకలో జరిగింది ఇంకొకరి పాకలో జరగకూడదు.

మూడో ఈత గ్రేడెడ్ ముర్రా (ముర్రా సంకర జాతి) గేదెను రూ.92,000కు కొన్నాం. తొమ్మిదో నెల సూడి. గేదెలో ఏ లోపమూ లేదు, ఆ మాట ముందే చెప్పాలి. బేరం కుదిరాక అమ్మినాయనే ఫోను చేసి ఒక మనిషిని పిలిపించారు. “ఈయన మన డాక్టరుగారు. నా దగ్గర కొన్న గేదెలన్నిటినీ ఈయనే చూస్తారు. అర్ధరాత్రి పిలిచినా వస్తారు” అన్నారు. వచ్చినాయన మెడలో స్టెతస్కోపు ఉంది. గేదె చుట్టూ ఒకసారి తిరిగి, పొదుగు మీద చెయ్యి వేసి చూసి, తెల్ల కాగితం మీద ‘గేదె ఆరోగ్యంగా ఉన్నది’ అని రాసి, ఊదారంగు గుండ్రటి ముద్ర వేసి రూ.500 తీసుకున్నారు. ముద్రలో ఆయన పేరు, దాని ముందు ‘డాక్టర్’, కింద ‘పశు వైద్య సేవలు’ అని ఉన్నాయి. నంబరు మాత్రం లేదు. అక్కడ ఒక నంబరు ఉండాలన్న సంగతి అప్పటికి నాకు తెలియదు.

బీమా చేయించడానికి వెళితే ఆ కాగితం చెల్లదన్నారు. రిజిస్టర్డ్ పశువైద్యుడు పరీక్షించి ఇచ్చిన ధ్రువపత్రం, చెవికి గుర్తింపు పోగు కావాలన్నారు. అప్పుడైనా నాకు అనుమానం రావలసింది. గేదె ఈనాక చేయిద్దాంలే అని వాయిదా వేశాను. ఆ తప్పు నాది.

గేదె సుఖంగానే ఈనింది. పెయ్య దూడ. మాయ కూడా వేళకే పడింది. రెండో రోజు సాయంత్రం గేదె మేత ముట్టలేదు, నెమరు వేయడం మానేసింది. కాసేపు తూలుతూ నిలబడి కూలబడింది. మెడ పక్కకు తిప్పి తలను డొక్క మీద ఆనించి పడుకుంది. ఫోను చేయగానే ఆయన వచ్చారు, ఆ మాట నిజమే. వీపు మీద చెయ్యి వేసి “ఈనిన జ్వరం” అన్నారు. థర్మామీటరు తీయలేదు. మా ఆవిడ గేదె తల దగ్గర కూర్చుని ఉంది. “చెవులు మంచులా ఉన్నాయండీ, జ్వరమంటారేమిటి?” అని అడిగింది. “మీకు తెలియదమ్మా, లోపలి జ్వరం” అని రెండు ఇంజక్షన్లు చేసి వెళ్లారు.

తెల్లవారేసరికి గేదె మెడ ఎత్తడం లేదు. ఆయన మళ్లీ వచ్చి ఈసారి “కాల్షియం తగ్గింది” అన్నారు. 450 మిల్లీలీటర్ల సీసాకు గొట్టం తగిలించి మెడ నరానికి సూది గుచ్చారు. ఇంకో ఊళ్లో పని ఉందంటూ ఆ ప్లాస్టిక్ సీసాను రెండు చేతులతో పిండడం మొదలుపెట్టారు. దాని రెండు పక్కలూ ఒకదానికొకటి అతుక్కుపోయేదాకా పిండారు. మొత్తం రెండు నిమిషాలు కూడా పట్టలేదు. మెడలో ఉన్న స్టెతస్కోపు మెడలోనే ఉంది. గేదె ఒక్కసారి పెద్దగా అరిచి, కాళ్లు చాచి కొట్టుకుని, ఆగిపోయింది. మా ఆవిడ చెయ్యి ఇంకా దాని చెవి మీదే ఉంది.

ఆ మధ్యాహ్నం మండలం పశువైద్యశాల నుంచి డాక్టరుగారు వచ్చి శవపరీక్ష చేశారు. మేము చెప్పిందంతా విని, ఇవన్నీ పాల జ్వరం లక్షణాలేనన్నారు. పేరులో జ్వరం ఉంది కానీ ఒంట్లో జ్వరం ఉండదట. ఈనగానే జున్నుపాలలోకి కాల్షియం ఒక్కసారిగా వెళ్లిపోయి రక్తంలో తగ్గిపోతుంది. కండరాలు పట్టు తప్పుతాయి, ఒళ్లు చల్లబడుతుంది. మూడో ఈత నుంచి, పాలు బాగా ఇచ్చే గేదెల్లో ఎక్కువగా వస్తుంది, అదీ ఈనిన రెండు మూడు రోజుల్లోనే. మందు కాల్షియమే. కానీ దాన్ని గోరువెచ్చగా చేసి, గుండె చప్పుడు వింటూ, పది ఇరవై నిమిషాల పాటు నెమ్మదిగా ఎక్కించాలి. గబగబా ఎక్కిస్తే గుండె ఆగిపోతుంది. సరిగ్గా ఎక్కిస్తే పడిపోయిన గేదె చాలాసార్లు గంట రెండు గంటల్లో లేచి నిలబడుతుందట. నయమయ్యే జబ్బుకు, నయం చేసే మందుతోనే మా గేదె పోయింది. ఇది తలుచుకుంటే ఇప్పటికీ నాకు అన్నం సయించదు.

తరువాత ఆ ముద్ర వేసినాయననే నేరుగా అడిగాను, మీ రిజిస్ట్రేషన్ నంబరు ఎంత అని. పశువుల మందుల దుకాణంలో ఎనిమిదేళ్లు పనిచేశానని, చేతి మీద వందల కేసులు నడిచాయని చెప్పారు. నంబరు చెప్పలేదు.

చట్టం ఇక్కడ స్పష్టంగా ఉంది. భారత పశువైద్య మండలి చట్టం, 1984లోని 30వ సెక్షన్ ప్రకారం రిజిస్టర్డ్ పశువైద్యుడు తప్ప ఇంకెవరూ పశువులకు వైద్యం చేయకూడదు, పశువు ఆరోగ్యం గురించి ధ్రువపత్రం మీద సంతకం పెట్టకూడదు. ఐదున్నరేళ్ల పశువైద్య డిగ్రీ (బీవీఎస్సీ అండ్ ఏహెచ్) చదివి, పశువైద్య మండలిలో పేరు నమోదు చేయించుకున్నవారే రిజిస్టర్డ్ పశువైద్యులు. అంటే మా చేతిలో పెట్టిన ఆ ఊదారంగు ముద్ర కాగితం మొదటి రోజు నుంచే చెత్త కాగితం.

ఇది చదివి దయచేసి ఊళ్లో కష్టపడే పశుసంవర్ధక సహాయకులను, గోపాలమిత్రలను అనుమానించకండి. సహాయకులకు చట్టంలోనే చోటు ఉంది. అదే 30వ సెక్షన్, డిప్లొమా లేదా సర్టిఫికెట్ ఉన్న సిబ్బందికి రాష్ట్ర ప్రభుత్వం అనుమతి ఇవ్వవచ్చని చెబుతోంది. రిజిస్టర్డ్ పశువైద్యుడి పర్యవేక్షణలో వాళ్లు టీకాలు వేయవచ్చు, కోడెలకు విత్తులు కొట్టవచ్చు, పుండ్లకు కట్టు కట్టవచ్చు, ఇంకా ప్రభుత్వం పేర్కొన్న ప్రాథమిక చికిత్స చేయవచ్చు. గోపాలమిత్రలు ఎదకు వచ్చిన పశువుకు కృత్రిమ గర్భధారణ చేయడానికి శిక్షణ పొందినవారు. మా గ్రామ సచివాలయంలో ఉన్న పశుసంవర్ధక సహాయకురాలైతే గేదె పడిపోయిందని వినగానే, “ఇది నేను చేసే పని కాదు, డాక్టరుగారిని పిలవండి” అని ఉండేవారు. తన హద్దు తెలిసిన మనిషికీ, తెలియని మనిషికీ తేడా అదే.

మనం ఇంట్లో చేసే సంరక్షణకు ఏ లైసెన్సూ అక్కర్లేదు. మేత, కుడితి, కడగడం, ఈనే రాత్రి కాపలా, డాక్టరు రాసిన మందు తాగించడం మన పనే. నరానికి సూది గుచ్చే చోట మాత్రం ఆగండి.

ఇంకొక సంగతి. మొదటి రోజు చేసిన రెండు ఇంజక్షన్లలో ఒకటి డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు అని, పేడ కుప్ప దగ్గర దొరికిన ఖాళీ సీసాను చూసి డాక్టరుగారు చెప్పారు. అది మనుషులకు వాడే సీసా. ఈ మందు ఎక్కించిన పశువు కళేబరాన్ని తిన్న రాబందులు మూత్రపిండాలు దెబ్బతిని చనిపోతున్నాయని తేలడంతో 2006లో పశువులకు దీన్ని నిషేధించారు. పశువులకు వాడకుండా ఉండాలనే 2015లో మనుషుల సీసాను 3 మిల్లీలీటర్లకే పరిమితం చేశారు. మా గేదెను లోతుగా గొయ్యి తీసి పాతిపెట్టాం. మీ పశువుకు ఏ మందు చేసినా ఖాళీ సీసా అడిగి తీసుకోండి, పేరు రాసి పెట్టుకోండి.

గేదెను కొనేముందు మీకు తెలిసిన పశువైద్యశాల డాక్టరుగారిని మీరే తీసుకెళ్లండి. అమ్మేవారు తెచ్చిన మనిషి వద్దు. కాగితం మీద సంతకం కింద రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూడండి, లేకపోతే అక్కడే అడగండి. నిజమైన డాక్టరు ఆ ప్రశ్నకు కోపగించుకోరు. డబ్బు చేతులు మారిన రోజే బీమా చేయించండి. పశువైద్య చదువు లేనివారి వైద్యం వల్ల పశువు పోతే పరిహారం ఇవ్వబోమని బీమా పత్రాల్లో సాధారణంగా రాసి ఉంటుంది, ఆ వాక్యం వెతికి చదవండి. ఆంధ్రలోనైనా తెలంగాణలోనైనా సంచార పశువైద్య వాహనం కోసం 1962కు ఫోను చేయవచ్చు. ఆ సాయంత్రం నా ఫోనులో ఆ నంబరు ఉండి ఉంటే బాగుండేది.

జిల్లా పశుసంవర్ధక అధికారికి, రాష్ట్ర పశువైద్య మండలికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాను. ముద్ర కాగితం నకలు, సీసా ఫొటో, శవపరీక్ష నివేదిక జతచేశాను. అమ్మినాయన దగ్గర గేదెలు కొన్న మరో ఇద్దరి ఇళ్లలోనూ అదే చేతిరాతతో కాగితాలు ఉన్నాయని తెలిసింది. నంబరు లేని ఊదారంగు గుండ్రటి ముద్రతో అలాంటి కాగితం మీ ఇంట్లో కూడా ఉంటే పారేయకండి. దాని నకలుతో మీరు కూడా ఫిర్యాదు ఇవ్వండి. దూడ బతికే ఉంది, పక్కింటివాళ్ల గేదె పాలు సీసాతో పడుతున్నాం.